గ్రాఫ్ట్ వేసి పంపేశారు, ఇక చూడాల్సింది మనం

(శ్రీకాకుళంలో వైద్యులు, రేడియాలజీ టెక్నీషియన్ల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. భోజనాలకు ముందు నాకు సమయం ఇచ్చారు కాబట్టి ఉపోద్ఘాతాలు వదిలేసి విషయంలోకి వస్తాను.

పొట్టలో పెద్ద ధమని, అంటే అయోర్టా, ఉబ్బిందని (దీన్నే అనూరిజం అంటాం) విశాఖలోనో, బరంపురంలోనో, హైదరాబాద్‌లోనో స్టెంట్ గ్రాఫ్ట్ (లోహపు తీగల చట్రమున్న గుడ్డ గొట్టం) వేయించుకున్న మనిషి ఆరునెల్లకో ఏడాదికో మన ఓపీలో కూర్చుంటాడు. రెండు గజ్జల్లో చిన్న మచ్చలు తప్ప పైకి ఏమీ కనబడదు. ‘స్టెంటు వేశారు డాక్టరు గారూ’ అంటాడు. మనం గుండెకి అనుకుని బీపీ చూసి, మాత్రలు కొనసాగించమని పంపేస్తాం. అసలు చూడాల్సింది చూడకుండానే మనిషి వెళ్లిపోతాడు. అందుకని ముందుగా ఒక్కటే అడుగుతున్నాను. స్టెంటు అనగానే ‘ఎక్కడ?’ అని అడగండి, డిశ్చార్జి సమ్మరీ తెప్పించండి.

ఓపెన్ ఆపరేషన్‌లో ఉబ్బిన భాగాన్ని కోసి తెరిచి, గుడ్డ గొట్టాన్ని రక్తనాళానికి కుట్టేస్తారు. 1990లో బ్యూనస్ ఎయిర్స్‌లో హువాన్ పరోడీ మొదలుపెట్టిన పద్ధతిలో ఆ కుట్టు లేదు. పాత తూములోకి కొత్త పైపు దూర్చినట్టు గజ్జల్లోంచి గ్రాఫ్ట్‌ను ఎక్కించి, కిడ్నీ ధమనుల కిందున్న మంచి నాళం దగ్గర, కింద కాళ్లవైపు పోయే ఇలియాక్ ధమనుల్లో ఆనించి వదిలేస్తారు. పైన ఆనే చోటుని నెక్ అంటాం. నెక్ వెడల్పు కంటే 10 నుంచి 20 శాతం పెద్ద గ్రాఫ్ట్ ఎంచుకుంటారు. అది బయటికి నెట్టే బలం, కొన్నిటికి ఉండే కొక్కేలు, ఇవే దాన్ని పట్టి ఉంచుతాయి. ఉబ్బిన సంచి మాత్రం లోపలే ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ నెక్ వెడల్పవుతుంది, గ్రాఫ్ట్ కిందికి జారుతుంది, ముక్కలు కలిసిన చోట వదులవుతుంది. అప్పుడు సంచిలోకి మళ్లీ రక్తపు ఒత్తిడి వస్తుంది. అలా రక్తం చేరడాన్నే ఎండోలీక్, పొట్టిగా లీకు, అంటాం.

ఇది ఊహ కాదు. ఈ పద్ధతిని ఓపెన్ ఆపరేషన్‌తో పోల్చి బ్రిటన్‌లో జరిగిన ఈవార్-1 పరిశోధన పదిహేనేళ్ల ఫలితాలు 2016లో వచ్చాయి. మొదటి నెలల్లో గ్రాఫ్ట్ వేసినవాళ్లకే లాభం ఉంది. ఎనిమిదేళ్లు దాటాక లెక్క తిరగబడింది. అనూరిజం వల్ల పోయినవాళ్లు గ్రాఫ్ట్ వేసిన గుంపులోనే ఎక్కువ, దానికి ప్రధాన కారణం సంచి మళ్లీ పగలడం. కాబట్టి రెండేళ్లు బాగున్నాడని మూడో ఏడు వదిలేస్తే, ప్రమాదం పెరిగే వయసులోనే మనిషిని వదిలేసినట్టు.

మొదటి నెల సీటీ. దీని మీదే మిగతా అంతా ఆధారపడుతుంది. కాంట్రాస్ట్‌తో, అంటే రక్తాన్ని బొమ్మలో తెల్లగా చూపే మందుతో, మూడు దశల్లో తీయాలి. మందు ఎక్కించకముందు ప్లెయిన్, మందు ధమనుల్లో ఉండగా ఆర్టీరియల్, కాస్త ఆగి డిలేడ్. ప్లెయిన్ ఎందుకని చాలాచోట్ల మానేస్తున్నారు. సంచి గోడలో కాల్షియం ఉంటుంది, కొందరికి నాళాలు మూయడానికి కాయిల్సో (సన్నని లోహపు చుట్టలు) జిగురో వేసి ఉంటారు. ఇవన్నీ కాంట్రాస్ట్ తర్వాత తెల్లగా మెరిసి లీకులా కనబడతాయి. ప్లెయిన్ పక్కన పెట్టి చూస్తేనే ముందునుంచీ ఉన్న తెలుపేదో, కొత్తగా వచ్చిన తెలుపేదో తెలుస్తుంది. డిలేడ్ దశ నెమ్మదిగా నిండే లీకుల కోసం. ఆర్టీరియల్ దశలో సంచి నల్లగా, శుభ్రంగా ఉండి, ఒకటి రెండు నిమిషాల తర్వాత వెనకవైపు మరకలా తేలేవి చాలా ఉంటాయి.

టెక్నీషియన్ మిత్రులు ఎక్కువమంది వచ్చారు కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. సూది మోచేతి మడత దగ్గర 20 గేజ్ కన్నా సన్నది వద్దు, 18 దొరికితే ఇంకా మంచిది. సెకనుకి 4 మి.లీ. వేగంతో 80 నుంచి 100 మి.లీ. కాంట్రాస్ట్, వెనకాలే 40 మి.లీ. సెలైన్. అరచేతి వెనక 22 గేజ్ పెట్టి సగం వేగంతో తోస్తే బొమ్మ పేలవంగా వస్తుంది, లీకు ఉందో లేదో చెప్పలేక రేడియాలజిస్ట్ ‘క్లినికల్‌గా చూసుకోండి’ అని రాస్తాడు. ఆ వాక్యం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. మందు వచ్చిందని యంత్రం కనిపెట్టే బోలస్ ట్రాకింగ్ వృత్తాన్ని గ్రాఫ్ట్‌కి పైన, డయాఫ్రం దగ్గర మంచి అయోర్టాలో పెట్టండి. ఉబ్బిన భాగంలో పెడితే అది గడ్డకట్టిన రక్తం మీద పడొచ్చు. అక్కడ సాంద్రత పెరగదు, యంత్రం ఎదురుచూస్తూనే ఉంటుంది, ఆర్టీరియల్ దశ చేజారిపోతుంది. గుండె బలహీనంగా ఉన్నవాళ్లలో మరో ఇబ్బంది ఉంది. పైన కాంట్రాస్ట్ తగిలీ తగలగానే స్కాన్ మొదలైతే గ్రాఫ్ట్ కాళ్లలోకి, అంటే ఇలియాక్‌లలోకి దిగే దాని రెండు కొమ్మల్లోకి, మందు చేరదు. బాగున్న కాలు మూసుకుపోయినట్టు కనబడుతుంది. డిలేడ్‌లో అదే కాలు నిండి ఉంటే కంగారు పడనక్కర్లేదు.

పై హద్దు డయాఫ్రం, కింది హద్దు తొడ ఎముక తల కిందివరకు. ఆ ఎముక మొదలవగానే ఆపేస్తే గజ్జల్లో సూది పెట్టిన చోట వచ్చే బుడిపె, సూడో అనూరిజం, తప్పిపోతుంది. స్లైస్ 1 మి.మీ. లేదా అంతకంటే సన్నం. ఫిల్ముకి 5 మి.మీ. వేసుకోండి, కాని సన్నని స్లైసులు సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో ఇవ్వండి. కన్సోల్ మీద వారం తర్వాత అవి చెరిగిపోతాయి. వచ్చే ఏడాది పోల్చుకోవడానికి ఫిల్ము పనికిరాదు.

ఇక రిపోర్టు రాసేవాళ్లు. ముందు లీకు వెతకొద్దు, ముందు సీల్, అంటే గ్రాఫ్ట్ నాళపు గోడకి గట్టిగా ఆనిన చోటు, చూడండి. కింది కిడ్నీ ధమని నుంచి గ్రాఫ్ట్ గుడ్డ మొదలయ్యే చోటికి దూరం ఎంత? గుడ్డ చుట్టూతా నాళపు గోడకి ఆనుకుని ఉన్న పొడవెంత? కింద రెండు ఇలియాక్‌లలో ఎంత? పైనా కిందా కనీసం 10 మి.మీ. గట్టి ఆనిక ఉండాలి. ముక్కలు ఒకదానిలో ఒకటి ఎంత లోతుకి దిగాయి? ఈ అంకెలు మొదటి రిపోర్టులో ఉంటే నాలుగేళ్ల తర్వాత చదివేవాడు మీకు దండం పెడతాడు. ‘గ్రాఫ్ట్ ఇన్ సిటు, నో ఎండోలీక్’ (గ్రాఫ్ట్ ఉంది, లీకు లేదు) అని మాత్రమే రాస్తే జారిందో లేదో చెప్పడానికి వాడి దగ్గర ఏమీ ఉండదు. సాధారణంగా 10 మి.మీ. దాటి జారితే స్పష్టంగా వలస అంటాం. కానీ 5 మి.మీ. దగ్గరే అప్రమత్తం కావాలి, సీల్ మొత్తమే 10 అయినప్పుడు అందులో సగం పోయినట్టే కదా.

లీకుల రకాలు మీకు తెలుసు, త్వరగా చెప్పేస్తాను. మొదటి రకం పై అంచు దగ్గరో కింది అంచు దగ్గరో ఆనిక సరిగా లేక వస్తుంది. మూడో రకం ముక్కలు విడిపోవడం వల్లో, గుడ్డ చిరగడం వల్లో. ఈ రెండూ ధమని ఒత్తిడిని నేరుగా సంచిలోకి తెస్తాయి, కనబడిన రోజే వేసిన ఆస్పత్రికి ఫోన్ చేయాలి. నాలుగోది గుడ్డ రంధ్రాల్లోంచి ఊరడం, ఆపరేషన్ టేబుల్ మీద కనబడి నెలలోపు పోతుంది. అయిదోది ఏ లీకూ కనబడకుండానే సంచి పెరగడం. రెండో రకం, అంటే నడుం దగ్గరి లంబార్ ధమనుల నుంచో, పేగులకి పోయే ఇన్ఫీరియర్ మెసెంటెరిక్ ధమని నుంచో రక్తం వెనక్కి తిరిగి సంచిలోకి రావడం, అన్నిటికంటే ఎక్కువగా కనబడేది. చాలామందిలో ఆరునెలల్లో తనంతట తనే మూసుకుపోతుంది. సంచి పెరగనంతవరకు దాన్ని ముట్టుకోనక్కర్లేదు.

చోటుని బట్టి సగం తెలుస్తుంది. తెలుపు గ్రాఫ్ట్ అంచుకి అంటుకుని ఉంటే మొదటి రకం. గ్రాఫ్ట్‌కి దూరంగా, సంచి గోడ దగ్గర వెన్నెముక వైపో, ముందు ఎడమవైపో ఉంటే రెండోది. సంచి మధ్యలో, కాళ్లు కలిసే చోట గ్రాఫ్ట్ చుట్టూ ఉంటే మూడోదేమో అని అనుమానించాలి. అయితే ఒక ఉచ్చు ఉంది. రెండో రకం లీకు ఉంది, సంచి కూడా పెరుగుతోంది. అందరూ ఆ పెరుగుదలకి రెండో రకమే కారణమని రాసేస్తారు, కాయిల్స్ వేయడానికి పంపిస్తారు. అలాంటప్పుడు దాక్కున్న మొదటి, మూడో రకాల్ని వెతికి లేవని తేల్చాకే కాయిల్స్ మాట. లంబార్ ధమని కొన్నిసార్లు రక్తం వచ్చే దారి కాదు, సంచిలోంచి బయటికి పోయే దారి. వచ్చే దారి పైన నెక్ దగ్గర ఉంటుంది.

ఇప్పుడు కొలత. ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి. సంచి 5 మి.మీ. పెరిగితే అమెరికా మార్గదర్శకాలు పెరుగుదల అంటాయి. ఐరోపా వాళ్లు రెండో రకం లీకుకి చికిత్స ఆలోచించడానికి 10 మి.మీ. చెబుతారు. ఒకే బొమ్మని ఇద్దరు కొలిస్తేనే మూడు నాలుగు మి.మీ. తేడా వస్తుంది. కాబట్టి కొలిచే పద్ధతి మారితే లేని పెరుగుదల పుడుతుంది, ఉన్న పెరుగుదల మాయమవుతుంది. బయటి గోడ నుంచి బయటి గోడకి, నాళం నడిచే దిశకి అడ్డంగా కొలవాలి. అయోర్టా వంకరగా ఉంటే ఆక్సియల్ (అడ్డకోత) బొమ్మలో సంచి కోడిగుడ్డులా కనబడుతుంది. దాని పొడవు వైపు కొలిస్తే ఎక్కువ వస్తుంది. నాళం నడిమి గీత వెంబడి కొలిచే సెంటర్‌లైన్ సాఫ్ట్‌వేర్ లేని చోట, కోణం మార్చి చూసే మల్టీప్లేనార్‌లో స్లైసుని తిప్పి కొలవండి, అదీ వీలు కాకపోతే కోడిగుడ్డు పొట్టి వైపు తీసుకోండి. ఏ వెన్నుపూస ఎత్తులో, ఏ దిశలో కొలిచారో రాయండి.

అల్ట్రాసౌండ్ అంకె సీటీ అంకె కన్నా సాధారణంగా కొన్ని మి.మీ. తక్కువ వస్తుంది. సీటీని సీటీతో, అల్ట్రాసౌండ్‌ని అల్ట్రాసౌండ్‌తో పోల్చండి. మొదటి నెల సీటీ తీసిన వారంలోనే ఒక అల్ట్రాసౌండ్ కూడా చేసి పెట్టుకుంటే రెండిటికీ తేడా ఎంతో ఆ మనిషికి సంబంధించినంతవరకు తేలిపోతుంది. ఇంకోటి, పోలిక కిందటి ఏడాదితో మాత్రమే కాదు, మొట్టమొదటి దానితో. ఏడాదికి 2 మి.మీ. చొప్పున పెరిగితే ప్రతి రిపోర్టూ ‘మార్పు లేదు’ అనే అంటుంది. నాలుగేళ్లకి 8 మి.మీ. అయిపోతుంది. మొదటి ఏడాదిలో సంచి 5 మి.మీ. లేదా ఎక్కువ కుంచించుకుపోయినవాళ్ల పరిస్థితి మెరుగు. అలాగే నిలిచిపోయినవాళ్లని తేలిగ్గా తీసుకోవద్దు.

మన జిల్లాకి ప్రత్యేకమైన చిక్కు కిడ్నీ. ఉద్దానం కిడ్నీ జబ్బు సంగతి ఇక్కడున్న ఎవరికీ చెప్పనక్కర్లేదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు నుంచి వచ్చే మనిషికి బీపీ, షుగరు లేకపోవచ్చు, మూత్రంలో ప్రొటీన్ అంతంత మాత్రంగానే ఉండొచ్చు. ఆ జబ్బు తీరే అది. మూత్రపరీక్ష బాగుందని కాంట్రాస్ట్ ఎక్కించేయకండి. క్రియాటినిన్ తీసి, వయసుతో కలిపి ఈజీఎఫ్‌ఆర్, అంటే కిడ్నీ ఎంత వడకడుతోందో చెప్పే అంకె, లెక్క కట్టాకే బల్ల మీదికి. బక్కపల్చటి ముసలాయనకి క్రియాటినిన్ 1.4 ఉన్నా ఈజీఎఫ్‌ఆర్ చాలా కిందికి ఉండొచ్చు. 30 కంటే తక్కువైతే కాంట్రాస్ట్ తప్పనిసరా అని ఆలోచించండి. తప్పదంటే గుండె తట్టుకునేవాళ్లకి ముందూ తర్వాతా కొన్ని గంటలు, కిలోకి గంటకి 1 మి.లీ. లెక్కన సెలైన్. నొప్పి మాత్రలు ఆపించాలి, షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ 48 గంటలు ఆపించాలి. డయాలసిస్ మీద ఉండి, మూత్రం అసలు రానివాళ్ల విషయంలో మాత్రం కిడ్నీ కోసం భయపడి సీటీ ఆపడంలో అర్థం లేదు. కాపాడుకోవడానికి అక్కడ మిగిలిందేమీ లేదు.

మిగతావాళ్లకి కాంట్రాస్ట్ లేకుండానే చాలా దూరం వెళ్లొచ్చు. ప్లెయిన్ సీటీ ఒక్కటే సంచి పెరిగిందో లేదో, గ్రాఫ్ట్ జారిందో లేదో చెబుతుంది. దానికి డాప్లర్, అంటే రక్తప్రవాహాన్ని చూపే అల్ట్రాసౌండ్, తోడైతే చాలామందికి సరిపోతుంది.

డాప్లర్‌కి ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏమీ తినకుండా రమ్మనండి. ఉదయం మొదటి స్లాటు ఇవ్వండి, ఇచ్ఛాపురం నుంచి వచ్చేవాళ్లకైతే ముందే ఫోన్‌లో చెప్పండి, దార్లో టిఫిన్ చేసి వస్తే పేగుల్లో గాలి తప్ప మరేమీ కనబడదు. 2 నుంచి 5 మెగాహెర్ట్జ్ కర్వ్డ్ ప్రోబ్. ముందు బి-మోడ్‌లో (మామూలు నలుపు తెలుపు బొమ్మలో) సంచి కొలత. తర్వాత రక్తప్రవాహాన్ని రంగులో చూపే కలర్. ఇక్కడ అందరూ చేసే పొరపాటు, కాలి ధమనులకి పెట్టిన రక్తవేగపు స్కేలే ఉంచేయడం. ఎండోలీక్‌లో రక్తం నెమ్మది. స్కేలు బాగా తగ్గించి, నెమ్మది కదలికల్ని తీసేసే వాల్ ఫిల్టర్ తగ్గించి, గెయిన్‌ని చుక్కలు మొదలయ్యేదాకా పెంచి, ఒక్క మెట్టు దించండి. రంగు కనబడగానే లీకు అనొద్దు. స్టెంటు లోహం వెనక మెరుపులు వస్తాయి, శ్వాసతో కదిలే రంగులు వస్తాయి. అక్కడ రక్తవేగాన్ని తరంగంగా గీసే స్పెక్ట్రల్ గేటు పెట్టండి. గుండె కొట్టుకునే లయతో తరంగం వస్తేనే లీకు. ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి పోయే తరంగమైతే చాలావరకు రెండో రకం. తరంగం లేకపోతే అది మెరుపే.

అక్కడితో ఆపకండి. గ్రాఫ్ట్ రెండు కాళ్లలో వేగం కొలవండి. పక్క భాగం కంటే ఒకచోట వేగం రెట్టింపైతే మడతో ఇరుకో ఉందని అర్థం. కాలు మూసుకుపోవడం ఎక్కువగా మొదటి ఏడాదిలోనే జరుగుతుంది. పిరుదుల్లో నొప్పి, నడిస్తే పిక్కపట్టేయడం అని వచ్చినవాళ్లని కీళ్ల డాక్టరు దగ్గరికి పంపేముందు తొడ నాడి చేత్తో చూడండి. అలాగే ప్రతిసారీ రెండు కిడ్నీల పొడవు రాయండి. గ్రాఫ్ట్ పై భాగం కిడ్నీ ధమనుల పక్కనే ఉంటుంది, కొన్నిటి కొక్కేలు వాటికి పైనే ఉంటాయి. ఒక కిడ్నీ సెంటీమీటరు తగ్గిందంటే అటువైపు ధమని చూడాలి.

కాంట్రాస్ట్ అల్ట్రాసౌండ్ ఉన్న కేంద్రానికి పంపగలిగితే అది మంచి మార్గం. ఆ సూక్ష్మ బుడగలు ఊపిరితిత్తుల్లోంచే బయటికి పోతాయి, కిడ్నీతో పనిలేదు. లీకు ఉందో లేదో తేల్చడంలో సీటీకి దగ్గరగా వస్తుంది.

ఎక్స్‌రేని చిన్నచూపు చూడకండి. ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, రెండు ఏటవాలు. గ్రాఫ్ట్ మీద లోహపు గుర్తులు ఉంటాయి, వాటి మధ్య దూరం మారితే ముక్కలు విడిపోతున్నాయని అర్థం. స్టెంటు తీగ విరగడం సీటీలో కంటే ఇక్కడే తేలిగ్గా కనబడుతుంది. షరతు ఒక్కటే. ప్రతిసారీ పడుకోబెట్టే తీరు, ట్యూబు దూరం, కిరణాన్ని గురిపెట్టే చోటు ఒకేలా ఉండాలి. ఒకసారి 100 సెం.మీ. నుంచి, మరోసారి 120 నుంచి తీస్తే గుర్తుల దూరం బొమ్మలోనే మారిపోతుంది. గదిలో గోడ మీద ఆ అంకె రాసి అతికించండి.

మరి ఎంతకాలానికి ఒకసారి? అమెరికా రక్తనాళ శస్త్రవైద్యుల సంఘం 2018లో చెప్పింది ఇది. మొదటి నెల కాంట్రాస్ట్ సీటీ. అందులో రెండో రకం లీకు కనబడితే ఆరునెలలకి మళ్లీ. ఏమీ లేకపోతే పన్నెండో నెలలో సీటీ గానీ డాప్లర్ గానీ, ఆ తర్వాత ఏటా డాప్లర్, అయిదేళ్లకోసారి మొత్తం అయోర్టాకి ప్లెయిన్ సీటీ. ఐరోపా సంఘం 2019లో, మొదటి సీటీలో లీకు లేకుండా పైనా కిందా 10 మి.మీ. సీల్ ఉన్నవాళ్లకి తర్వాతి సీటీ అయిదేళ్ల దాకా వాయిదా వేయొచ్చంది. రెండూ చదివాక నా అభిప్రాయం చెబుతాను. వాయిదా వేసే వెసులుబాటు, రోగి మళ్లీ తప్పక వస్తాడన్న భరోసా ఉన్న దేశాలకి సరిపోతుంది. కొబ్బరి దింపులకి, జీడి పనికి, చెన్నై వలసకి పోయే మనుషులకి ‘అయిదేళ్ల తర్వాత రా’ అంటే రారు. ఏడాదికి ఒక డాప్లర్, ఖర్చు తక్కువ, కిడ్నీకి హాని లేదు, మన ఊళ్లోనే అవుతుంది. అదే పెట్టుకుందాం.

ఇన్‌ఫెక్షన్ గురించి రెండు మాటలు. వేసిన మొదటి రోజుల్లో జ్వరం, తెల్లకణాలు పెరగడం మామూలే, సంచిలో నాలుగు గాలి బుడగలూ మామూలే. నెలలు గడిచాక గ్రాఫ్ట్ చుట్టూ గాలి, నీరు కనబడితే మామూలు కాదు. పక్కనే డుయోడినం, అంటే చిన్నపేగు మొదటి భాగం, గ్రాఫ్ట్‌కి అతుక్కుని ఉందేమో చూడండి. గ్రాఫ్ట్ ఉన్న మనిషికి నల్లటి విరేచనం అయితే అల్సర్ అని సరిపెట్టేముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

పొగ మాట కూడా చెప్పాలి. అయోర్టా ఉబ్బడానికి పెద్ద కారణం అదే. మన తీరంలో అడ్డపొగ తాగే (చుట్ట నిప్పు కొసని నోట్లో పెట్టుకునే) అమ్మలు ఇంకా ఉన్నారు, కాబట్టి ఇది మగవాళ్ల జబ్బని ఆడవాళ్ల పొట్టలో అయోర్టాని కొలవకుండా వదలకండి.

ప్రశ్నలుంటే అడగండి.

(సభికుల ప్రశ్న: గ్రాఫ్ట్ ఉన్నవాళ్లకి ఎంఆర్‌ఐ చేయొచ్చా?)

నిటినాల్ అనే నికెల్-టైటానియం మిశ్రలోహంతో చేసినవాటికి ఇబ్బంది లేదు, బొమ్మ కూడా బాగానే వస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు వాడిన పాత రకాల చుట్టూ బొమ్మ నల్లగా పోతుంది, ఏమీ కనబడదు. ఏ రకమో తెలియాలంటే ఇంప్లాంట్ కార్డు కావాలి. అందుకే కార్డుని ఆధార్‌తో కలిపి దాచుకోమని చెప్పండి, మీరూ ఒక ఫోటో తీసి కేస్ షీటులో పెట్టండి.

(సభికుల ప్రశ్న: రాత్రిపూట నడుం నొప్పితో, బీపీ తక్కువగా వస్తే? కిడ్నీ కూడా బాగోకపోతే?)

పగిలిందనే అనుకోండి, కాదని తేలేదాకా. కిడ్నీ సంగతి అప్పుడు రెండోది. సీటీ దగ్గర్లో ఉంటే ముందు ప్లెయిన్ తీయండి, వెన్నెముక పక్కన రక్తం ఉంటే అందులోనే కనబడుతుంది. ఇరవై నిమిషాల పని. వీలైతే అప్పుడే కాంట్రాస్ట్ కూడా తీయండి, గ్రాఫ్ట్ ఎక్కడ వదిలిందో చూసుకుని అవతలివాళ్లు సామాన్లు సిద్ధం చేసుకుంటారు. సీటీ లేని చోట ఆలస్యం చేయకుండా పంపేయండి. ఇచ్ఛాపురం నుంచి విశాఖ రెండొందల కిలోమీటర్లు దాటుతుంది, బరంపురం పక్కనే. ఎక్కడ గ్రాఫ్ట్ వేసే సదుపాయం ఉందో ఫోన్ చేసి ఖాయం చేసుకున్నాకే 108 ఎక్కించండి. సెలైన్ ధారగా పోసి బీపీని 120కి తేవద్దు. మనిషి తెలివిలో ఉండి మాట్లాడుతుంటే పై అంకె 70 నుంచి 90 మధ్య ఉన్నా చాలు, పెంచితే ఆగిన రక్తం మళ్లీ మొదలవుతుంది. ఇక పాత సీటీ సీడీ ఇంట్లో ఉందేమో బంధువుల్ని అడగండి, ఉంటే మనిషితోపాటే అంబులెన్సులో పెట్టించండి.